సముద్రం పక్కన ఇల్లు: ఈసీఆర్‌లో ఏ లేఅవుట్ ఎవరికి?

చెన్నైలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో ఈసీఆర్ (చెన్నై నుంచి తీరం వెంట దక్షిణానికి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ఒక ఇల్లు ఉండాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. టి.నగర్‌లోనో పెరంబూరులోనో ఫ్లాట్ ఉంటుంది. పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు. శని, ఆదివారాలు గడపడానికి, రిటైరయ్యాక ఉండిపోవడానికి ఉత్తండి నుంచి మహాబలిపురం దాకా సైట్లు చూస్తూ ఉంటారు. కొందరు బిల్డర్ కట్టిన విల్లా కొందామనుకుంటే, కొందరు బంధువులతోనో స్నేహితులతోనో కలిసి నేల తీసుకుని ఆర్కిటెక్ట్‌తో ప్లాన్ గీయించుకుందామనుకుంటారు. ఈ రెండు రకాలవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బ్రోషర్‌లో ఇంటి బొమ్మ పెద్దగా వేస్తారు, సైట్ ప్లాన్ మాత్రం చివరి పేజీలో చిన్నగా ఉంటుంది. ముందు ఆ చివరి పేజీ తీయండి. సముద్రానికి ఆనుకున్న నేల ఎవరి వాటాలోకి వెళ్లిందో చూడండి. నన్నడిగితే, తీరం పక్క నేల అందరిదిగా ఉంచి ఇళ్లను వెనక్కి జరిపిన ప్లానే ఎక్కువమందికి పనికొస్తుంది. 'సీ ఫేసింగ్' అని రెట్టింపు ధర చెప్పే మొదటి వరుస కొద్దిమందికే సరిపడుతుంది. ఆ మాట ఎందుకంటున్నానో కింద వివరంగా ఉంది.

## ముందు చూడాల్సినవి

సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి, కోస్టల్ రెగ్యులేషన్ జోన్) గీత. అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో హై టైడ్ లైన్ (పోటు సమయంలో నీరు చేరే గీత) నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణం కుదరదు. 2019 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ దీన్ని కొంత సడలించింది. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో ఆ నిషేధం 50 మీటర్లకు తగ్గుతుంది. అయితే ఒక షరతు ఉంది: 2019 నిబంధనల ప్రకారం తయారైన తీర నిర్వహణ ప్లాన్‌కు ఆమోదం వచ్చి ఉండాలి. అది లేకపోతే 200 మీటర్లే లెక్క. "ఇప్పుడు యాభై మీటర్లే సార్" అని సైటు దగ్గర ఎవరైనా అంటే, ఆమోదం పొందిన మ్యాప్ షీటు మీద మీ సర్వే నంబరు చూపించమనండి.

ఈ గీత ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చూద్దాం. ఈసీఆర్‌కి తూర్పున ఉండే స్థలాలు చాలావరకు సన్నగా, పొడవుగా ఉంటాయి. తీరం వెంట 60 మీటర్లు, లోతు 330 మీటర్లు ఉన్న స్థలం అనుకోండి. అంటే దాదాపు 5 ఎకరాలు. 200 మీటర్లు వదిలేస్తే కట్టుకోవడానికి మిగిలేది 2 ఎకరాల లోపే. 50 మీటర్లే వదిలితే 4 ఎకరాలు దాటుతుంది. అమ్మేవాళ్లు 5 ఎకరాలకూ ఒకే ధర చెప్తారు. మీరు కొంటున్న దాంట్లో ఇల్లు లేచే నేల ఎంత, చెట్లకు మాత్రమే పనికొచ్చే నేల ఎంత అన్నది విడదీసి బేరమాడాలి.

కొలతల గురించి ఒక చిన్న మాట. ఇక్కడ గ్రౌండ్ అంటే 2,400 చదరపు అడుగులు, మన గజాల్లో 267 దాకా వస్తుంది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి అంకణం 36. ఊళ్లో బంధువులతో ఫోన్లో ధర పోల్చుకునేటప్పుడు గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ఇసుక దిబ్బ. మన చెన్నై తీరంలో సముద్రానికి ఆనుకుని దిబ్బ ఉంటుంది. దాని వెనక నేల పడమటికి, బకింగ్‌హామ్ కాలువ వైపు దిగుతుంది. వాస్తు పట్టింపు ఉన్న మనవాళ్లకు ఇది నచ్చదు. తూర్పు పల్లంగా ఉండాలని, దిబ్బ చదును చేయించి పడమర మట్టి పోయించమని అడుగుతారు. దయచేసి ఆ పని చేయకండి. సీఆర్‌జెడ్ నిబంధనల్లో ఇసుక దిబ్బలను చెక్కడం నిషిద్ధం. దానికంటే ముఖ్యంగా, ఉప్పెన వస్తే మీకున్న మొదటి అడ్డు ఆ దిబ్బే. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచడం, 2004 డిసెంబర్ 26న ఇదే తీరానికి సునామీ రావడం మనకు తెలియనివి కావు. వాస్తు కావాలంటే ఇంటి ప్లింత్ (పునాది అరుగు) లోపల సర్దుకోండి, సైటు వాలును కదపకండి.

నీళ్లు. తిరువాన్మియూరు నుంచి దక్షిణానికి ఉన్న ఇసుక నేల వాన నీటిని పీల్చుకుని దాచుకుంటుంది. ఆ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని ఒక లెక్క. అదే లెక్క తిరగేస్తే, మోటార్లు పెట్టి పైమట్టం ఒక మీటరు దించితే కింద ఉప్పునీరు ఎన్నో మీటర్లు పైకి ఎక్కుతుంది. ఇంటికో బోరు, ఇంటికో ఈతకొలను ఉన్న లేఅవుట్‌లో కొన్నేళ్లకే కాఫీ ఉప్పగా అవుతుంది. నెమ్మేలిలో సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంట్లు ఉన్నా ఆ నీళ్లు మీ గేటు దాకా పైపులో వస్తాయా అన్నది వేరే ప్రశ్న. చెన్నైలో ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 5 ఎకరాల మీద అది 2.8 కోట్ల లీటర్లు. ఆ నీరు కాలువలోకి పోతుందా, ఇసుకలోకి ఇంకుతుందా అన్నది మాస్టర్ ప్లాన్ తేలుస్తుంది.

గాలి, ఎండ. వేసవిలో మధ్యాహ్నానికి తూర్పు, ఆగ్నేయాల నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్యం నుంచి వాన జల్లు కొడుతుంది. పడమటి ఎండ సాయంత్రం దాకా గోడను కాలుస్తుంది. కాబట్టి తూర్పున లోతైన వరండా, పడమట మెట్లు, బాత్‌రూములు, స్టోర్ పెట్టిన ఇల్లు బాగుంటుంది. మొత్తం తూర్పు గోడ గాజుతో చేసిన ఇల్లు ఫొటోలో బాగుంటుంది. భవనాల మీద పడే గాలి, బరువుల లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెన్నైకి చెప్పే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2016 డిసెంబరులో వర్దా తుఫాను చూసినవాళ్లకు ఆ అంకె అర్థం చెప్పనక్కర్లేదు.

ఉప్పు. కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టడమే తీరంలో ఇళ్లకు పెద్ద జబ్బు. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణానికి కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్క అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర (కవర్) ఉండాలి. అలల తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. నగరంలో కట్టినట్టే ఎం25 వేస్తామనే కాంట్రాక్టర్‌తో ముందుకు వెళ్లకండి.

దారి, పక్కనున్న కుప్పం (జాలర్ల పల్లె). బీచ్‌కి వెళ్లే దారి మీ గేటు లోపలిదా, ఊరందరిదా? జాలర్లు పడవలు లాగే చోటు, వలలు ఆరబెట్టే చోటు ప్లాన్‌లో గుర్తించారా? 2011 నోటిఫికేషన్ రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పు దారి ప్రజలకు వదలమంటుంది. పాత దారిని గోడ కట్టి మూసేసిన లేఅవుట్‌లో మీరు కొనేది ఇంటితో పాటు ఒక తగవు కూడా.

తీరం పెరుగుతుందా, తరుగుతుందా. ఇక్కడ అలలు ఇసుకను మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. హార్బర్ కట్టాక దానికి దక్షిణాన మెరీనా ఇసుక పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. సైటుకు దక్షిణాన దగ్గర్లో రాళ్ల గట్టు ఏదైనా ఉంటే మీ ఇసుక తరుగుతుందని అనుమానించాల్సిందే.

## మొదటి రకం: తీరం వెంట ఒకే వరుస

బిల్డర్‌కి చాలా ఇష్టమైన ప్లాన్ ఇది. సముద్రం వైపు పెద్ద విల్లాలు, వాటి వెనక రోడ్డు, ఆ వెనక రెండో వరుస, మూడో వరుస. పైన చెప్పిన 60 మీటర్ల స్థలంలో 15 మీటర్ల వెడల్పు ఇంటికి ఇచ్చినా మొదటి వరుసలో పట్టేవి నాలుగే. బీచ్‌కి అందరికీ దారి వదిలితే మూడు. మిగతా వాళ్లంతా ముందు వరుస వంటగదుల గోడలు చూస్తూ కూర్చోవాలి. వాళ్లకు గాలి కూడా సగమే అందుతుంది.

మొదటి వరుసలో ఉన్నవాళ్లకు సుఖం ఉంది, కాదనను. పొద్దున్నే సూర్యోదయం మంచం మీంచే కనిపిస్తుంది. కానీ తుంపర మొదట తగిలేదీ వాళ్లకే. ఏసీ బయటి యూనిట్లు, కిటికీ కీళ్లు, లైట్లు, గేటు అన్నీ తొందరగా పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసి ఉంటే సరిపోదు, 316 గ్రేడ్ అని ఉండాలి. 304 మీద తుప్పు మచ్చలు త్వరగానే వస్తాయి. నెలకు రెండు రోజులు వచ్చి పోయే ఇంటికి ఇంత ఓపిక ఎవరికుంటుంది? అక్కడే ఏడాదంతా ఉంటూ, మరమ్మతులకు డబ్బు వెనకాడనివాళ్లకే ఇది.

## రెండో రకం: సముద్రం వైపు సాగే సందులు

నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

ఇందులో ఇళ్లు తీరానికి అడ్డంగా నిలబడవు. ఈసీఆర్ నుంచి సముద్రం వైపు సన్నని సందులు నేరుగా సాగుతాయి, వాటికి రెండు పక్కలా ఇళ్లు వస్తాయి. సందు చివర ఎవరి ఇల్లూ ఉండదు. ఆ చివర దిబ్బ, సర్వి చెట్లు, దాటి వెళ్లడానికి చెక్క వంతెన లాంటి నడకదారి. అమెరికాలోని ఫ్లోరిడాలో సీసైడ్ అనే ఊరు ఈ పద్ధతికి ప్రసిద్ధి. 80 ఎకరాల్లో 1980ల మొదట్లో ఆండ్రెస్ డువానీ, ఎలిజబెత్ ప్లేటర్-జైబర్క్ దాన్ని ప్లాన్ చేశారు. అక్కడ వీధులు బీచ్ వైపు సాగి, చివర అందరూ వాడుకునే మంటపాల దగ్గర ఆగుతాయి. అందువల్ల వెనకున్న చిన్న ఇంటికి కూడా సముద్రంలో వాటా ఉన్నట్టే.

మన దగ్గర దీనికి ఇంకో లాభం ఉంది. 200 మీటర్ల నిషేధ నేల ఈ ప్లాన్‌లో వృథా కాదు. తోట, పార్కు, ఆట స్థలం లాంటివాటికి అక్కడ వీలుంది. వాన నీరు ఇంకే గుంటలు, కొబ్బరి తోట, పిల్లల ఆట స్థలం అక్కడికి వెళ్లిపోతాయి. మొదటి రకంలో ఆ నేలను నలుగురు తమ సొంత తోటగా కలుపుకుంటారు, ఇక్కడ అందరూ నడుస్తారు. సందులను కొంచెం ఆగ్నేయానికి వంచి గీస్తే వేసవి గాలి చివరి ఇంటి దాకా వస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఇళ్లు పక్కపక్కనే, కిటికీకి కిటికీ ఎదురుగా వస్తాయి. పై అంతస్తు బాల్కనీ నుంచి మెడ తిప్పితే తప్ప సముద్రం కనపడని ఇళ్లు కొన్ని ఉంటాయి. కార్లను సందుల్లోకి రానిస్తే అంతా పాడవుతుంది, కాబట్టి పార్కింగ్ ఈసీఆర్ వైపు ఒక్కచోట పెట్టాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అంత దూరం నడవాలా అని ఇంట్లో ఎవరో తప్పకుండా అడుగుతారు. వాళ్లకు బ్యాటరీ బండి, సందు మొదట్లో ఇల్లు ఇవ్వడం తప్ప వేరే మార్గం లేదు.

## మూడో రకం: ముంగిలి చుట్టూ ఇళ్ల గుంపులు

ఐదారు ఇళ్లు ఒక ముంగిలి చుట్టూ, అలాంటి గుంపులు నాలుగైదు, మధ్యలో ఖాళీ నేల. మండువా లోగిలిలో పెరిగినవాళ్లకు వివరించనక్కర్లేదు. కాలిఫోర్నియాలో 1960లలో లారెన్స్ హాల్‌ప్రిన్ ప్లాన్ చేసిన సీ రాంచ్ అనే తీరపు కాలనీ ఈ ఆలోచనకు దగ్గరది. గాలికి అడ్డంగా ఉన్న చెట్ల వరుసల పక్కన ఇళ్లను గుంపులుగా చేర్చి, మైదానాలను అందరికీ వదిలేశారు. అక్కడ చల్లగాలి నుంచి తప్పించుకోవాలి, ఇక్కడ గాలిని పిలవాలి. అందుకే మన ముంగిలికి తూర్పు పక్క మూసేయకూడదు. నాలుగు వైపులా గోడలు కట్టిన ముంగిలి మే నెలలో ఉడుకుతుంది.

ఈసీఆర్ మీదే దీనికి దగ్గర ఉదాహరణ ఉంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ ముందుండి ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామాన్ని మొదలుపెట్టారు. చేతిపనులు అమ్మిన డబ్బుతో కళాకారులే నేల కొనుక్కున్నారు. ఇళ్లు సాదాసీదాగా ఉంటాయి, పని చేసుకునే చోట్లు, ప్రదర్శనశాల అందరివీ. కలిసి నేల కొనాలనుకునే కుటుంబాలు ఒకసారి అక్కడ తిరిగి రావాలి. అలాగే ముట్టుకాడులోని దక్షిణచిత్రకు మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్లాన్‌తో 1996లో తెరిచిన ఆ ఆవరణలో దక్షిణాది పాత ఇళ్లను తెచ్చి నిలబెట్టారు. మన విశాఖ తీరం చుట్టిల్లు కూడా ఉంది. గుండ్రటి గోడ, కిందికి దిగిన కప్పు తుఫాను గాలిని ఎలా జారవిడుస్తాయో దాని ముందు నిలబడితే తెలుస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ముంగిలిని పంచుకోవడం తేలికైన పని కాదు. ఎవరి చుట్టాలు ఎక్కువ వస్తారు, ఎవరి కుక్క అరుస్తుంది, కార్తీక వనభోజనాల ఖర్చు ఎవరిది లాంటివి మొదటి ఏడాదే బయటపడతాయి. ఒకరికొకరు ముందే తెలిసినవాళ్లయితేనే ఈ రకం తీసుకోండి.

## నాలుగో రకం: హోటల్ నడిపే రిసార్టులో ఒక యూనిట్

కాటేజీ మీ పేరున ఉంటుంది, నడిపేది హోటల్ కంపెనీ. ఏడాదిలో కొన్ని రోజులు మీకు, మిగతా రోజులు అతిథులకు. ఉప్పు, తుప్పు టెన్షన్ మీకు లేదు. కానీ ఒప్పందంలో మూడు చోట్ల ఆగి చదవండి: సంక్రాంతి, డిసెంబర్ చివరి వారం మీకు ఇస్తారా లేదా, ఫర్నిచర్, ఏసీలు మార్చే నిధికి మీ వాటా ఎంత, ఒప్పందం ముగిశాక అది ఇల్లా, హోటల్ గదా. గ్రామీణ తీరంలో బీచ్ రిసార్టుకు వేరే షరతులు ఉన్నాయి: ఎత్తు 9 మీటర్లకు, రెండు అంతస్తులకు మించకూడదు, అన్ని అంతస్తులూ కలిపి కట్టిన విస్తీర్ణం ప్లాటులో 33 శాతం దాటకూడదు. నివాస గృహాలకు వచ్చేసరికి 200 నుంచి 500 మీటర్ల మధ్య 2011 నోటిఫికేషన్ అనుమతించింది స్థానికుల సంప్రదాయ హక్కుల పరిధిలోనే. అంటే కాగితం మీద రిసార్టు, అమ్మేటప్పుడు విల్లా అయితే, ఏడాదంతా ఉండటానికి గానీ బ్యాంకు లోనుకు గానీ చిక్కు రావచ్చు.

రోడ్డుకు పడమట, బకింగ్‌హామ్ కాలువ వైపు కట్టే అపార్ట్‌మెంట్లను కూడా 'సీ బ్రీజ్' పేరుతో అమ్ముతారు. ధర తక్కువ, నిర్వహణ తేలిక. కానీ నేల పల్లంగా ఉంటుంది; కాలువ, ఉప్పుటేర్ల పక్కన కూడా సీఆర్‌జెడ్ వర్తిస్తుంది. కొనేదుంటే నవంబరు వానల్లో ఒకసారి వెళ్లి చూసి కొనండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | ఒకే వరుస | సందులు | ముంగిలి గుంపులు | హోటల్ యూనిట్ |
|---|---|---|---|---|
| సముద్రం కనపడటం | ముందున్న కొద్దిమందికి పూర్తిగా | అందరికీ కొంత | పై అంతస్తు నుంచి | యూనిట్‌ని బట్టి |
| గాలి | వెనక వరుసలకు తక్కువ | చివరి ఇంటి దాకా | తూర్పు తెరిచి ఉంటే బాగు | ఏసీ మీదే ఆధారం |
| ఉప్పు వల్ల ఖర్చు | చాలా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | ఒప్పందంలో కలిసి ఉంటుంది |
| నీళ్లు | ఇంటికో బోరు ప్రమాదం | ఉమ్మడి బావి, ఇంకుడు నేల | ఉమ్మడి బావి | కొలనులు, పచ్చిక బయళ్లకే ఎక్కువ |
| ఏకాంతం | ముందు వరుసకు బాగు | తక్కువ | బాగా తక్కువ | అతిథుల మధ్య |
| రోజువారీ బాధ్యత | మీదే | సంఘానిది | మీ నలుగురిదీ | కంపెనీది |

## ఎవరికి ఏది

రిటైరై ఏడాదంతా అక్కడే ఉండాలనుకునే దంపతులకు సందుల ప్లాన్, అందులోనూ ఈసీఆర్‌కి దగ్గరి ఇల్లు. రాత్రి పూట ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే సముద్రం కంటే రోడ్డు దగ్గరుండటం ముఖ్యం.

పిల్లలు విదేశాల్లో ఉండి, సంవత్సరానికి ఒకసారి అందరూ కలిసేవాళ్లు విల్లా కొనకుండా నాలుగో రకం చూడవచ్చు. అద్దె ఆదాయం ఇంత వస్తుందని హామీ ఇచ్చే కాగితాన్ని మాత్రం లాయరు చదవనివ్వండి. హామీ ఎన్నేళ్లకు, ఎవరు ఇస్తున్నారు, వాళ్ల దగ్గర అంత డబ్బుందా అని.

అన్నదమ్ములు, వియ్యంకులు కలిసి కొనేచోట ముంగిలి ప్లాన్‌కి సాటి లేదు. అయితే ఉమ్మడి నేల, బావి, దారి, ఎవరైనా అమ్ముకుంటే ముందు ఎవరికి చెప్పాలి అన్నవి రిజిస్ట్రేషన్‌కి ముందే రాసుకోవాలి. "మనలో మనకు కాగితాలెందుకు బావా" అనే మాటను ఈ ఒక్క విషయంలో నవ్వి వదిలేయండి.

పెట్టుబడి కోసమే చూసేవాళ్లకు నా సలహా వేరు. మొదటి వరుస విల్లాకు ధర బాగానే పలుకుతుంది, కానీ కోసుకుపోయే తీరం పక్కనైతే అది ఏ ఏడాది ఎటు పోతుందో చెప్పలేం. అలాంటివాళ్లు ఈసీఆర్ మీద ఇల్లు కాకుండా, నగరంలోనే ఇంకో ఫ్లాట్ చూసుకోవడం మేలు.

## మీరే ప్లాన్ గీయించుకుంటే

ఆర్కిటెక్ట్ దగ్గరికి ఇంటి కోరికల జాబితాతో కాకుండా సర్వే డ్రాయింగ్‌తో వెళ్లండి. హై టైడ్ లైన్, దిబ్బ ఎత్తులు, ఉన్న చెట్లు, పాత దారులు, పక్క కుప్పం వాళ్లు వాడుకునే చోట్లు అన్నీ అందులో ఉండాలి. పది వేల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో రోడ్లు పోను 10 శాతం నేలను ప్రజల ఖాళీ స్థలంగా రాసివ్వాల్సి ఉంటుంది. దాన్ని మూలకు నెట్టకుండా బీచ్ దారితో కలపమనండి. ఈతకొలను ఒక్కటే చాలు, అదీ ఉమ్మడిది. పచ్చిక కోసం నీళ్లు పోయకండి, ఇసుకలో పెరిగే పున్నాగ, తాటి, జీడిమామిడి చాలు. మహాబలిపురం దగ్గరైతే పురావస్తు శాఖ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ అన్నది కూడా మ్యాపులో గుర్తించాలి.

కాగితాల్లో పట్టా, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)తో పాటు ఆ నేల ఒకప్పుడు పంచమి భూమా, పోరంబోకా, గుడి మాన్యమా అని లాయరుతో తేల్చుకోండి. బ్రిటిష్ కాలంలో దళితులకు ఇచ్చిన పంచమి భూములను దళితేతరులు కొన్నా వాళ్లకు హక్కు నిలవదు. ప్లాన్లకు అనుమతులిచ్చే సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ), డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ)ల్లో ఏది అనుమతి ఇచ్చిందో, ఆ అనుమతి నివాసానికా రిసార్టుకా అన్నది చూశాకే అడ్వాన్స్ మాట ఎత్తండి. సైటుకు మే నెలలో మధ్యాహ్నం ఒకసారి, ఈశాన్య వానల్లో ఒకసారి వెళ్లండి. పక్కింటి బావి నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబ్‌లో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), క్లోరైడ్ పరీక్ష చేయించుకోండి.